ఏలూరు పురపాలనము: కుళాయి మొదలు కొల్లేటి వరకు

పురపాలనము అను మాట విన్నంతనే మనకు మొదట స్ఫురించునది ఇంటిపన్ను. ఆ తరువాత వీధిదీపము. ఆ పిమ్మట చెత్తబండి. ఈ మూడింటిలో ఏదియో ఒకటి సరిగా లేనప్పుడే పురపాలకసంఘమనునది ఒకటి ఉన్నదని పౌరునకు జ్ఞాపకము వచ్చును. అన్నియు సవ్యముగా జరుగుచున్నప్పుడు దానిని తలచుకొనువారు అరుదు. పాలకులపై జాలితో మేమీ మాట చెప్పుటలేదు. పురపాలనమున కనబడని పనియే పెద్దపని అని గుర్తుచేయుటకు చెప్పుచున్నాము. ఆ కనబడని పనులలో నీటిని మించినది లేదు. నీరు ఊరిలోనికి ఎట్లు వచ్చుచున్నది, వచ్చినది ఎట్లు శుద్ధియగుచున్నది, వాడిన పిదప ఎటు పోవుచున్నది అను మూడు ప్రశ్నలకు జవాబు తెలిసికొన్నచో, ఆ నగరపు పాలనమెట్టిదో చాలవరకు తెలిసినట్లే. ఏలూరు నగరవాసులును, దాని నీటిదారికి దిగువనున్న పెదపాడు ప్రాంతపు శ్రోతలును, ఉభయులు వినదగిన విషయమిది. కావున ఏలూరునే ఉదాహరణముగా గైకొని ఈ ప్రసంగమును నడపుచున్నాము.

ఏలూరు పాతపట్టణము. ఉత్తరసర్కారులని పేరుపొందిన ఐదింటిలో ఏలూరు ఒక సర్కారు. దానికి ఉత్తరమున కొద్దిపాటి దూరములోనున్న పెదవేగి ఒకనాడు వేంగీరాజ్యమునకు రాజధాని. అయితే మనకిప్పుడు కావలసిన చరిత్ర 1866తో మొదలగును. అంతకు ముందటియేడు, 1865లో, చెన్నరాజధానిలో పట్టణముల అభివృద్ధికై ఒక చట్టము వచ్చినది. ఆ మరుసటి సంవత్సరమే ఏలూరు, గుంటూరు, మచిలీపట్టణము, కాకినాడ పురపాలకసంఘములైనవి. అనగా తెలుగునాట మొదటితరము పురపాలకసంఘములలో ఏలూరు ఒకటి.

ఆనాటి సంఘమును నేటి అర్థములో ప్రజల సంఘమని అనుకొనరాదు. సభ్యులను ప్రభుత్వమే నియమించెడిది, అధికారులదే పైచేయి. 1882లో రిప్పను ప్రభువు స్థానికస్వపరిపాలనను గూర్చి చేసిన తీర్మానము, దానిననుసరించి 1884లో వచ్చిన మద్రాసు జిల్లా పురపాలకసంఘముల చట్టము, ఈ రెండింటి తరువాతనే ఎన్నిక అను మాటకు కొంత బలము చేకూరినది. అప్పటికిని ఓటు పన్ను చెల్లించు కొద్దిమందిదే. 1920 చట్టము ఆ పరిధిని పెంచినది. రాష్ట్రమేర్పడిన పిదప 1965లో ఆంధ్రప్రదేశ్ పురపాలకసంఘముల చట్టము అమలునకు వచ్చినది. 2005 ఏప్రిలు 9వ తేదీన ఏలూరు పురపాలకసంఘము నగరపాలకసంస్థ అయినది. 1901 జనగణనలో పట్టణపు జనాభా 33,521. 2011 నాటికది రెండు లక్షలు దాటినది. నూటపది సంవత్సరములలో ఆరురెట్లకు మించి పెరిగిన ఊరికి పాతచొక్కా పట్టకపోవుట సహజమే.

సంఘమునకు, సంస్థకు భేదమేమని పలువురు అడుగుచుందురు. పేరు మారినంతమాత్రమున కుళాయిలో నీరు పెరుగదు. భేదము అధికారముల పంపకములో ఉన్నది. నగరపాలకసంస్థల చట్టము మూడు అధికారస్థానములను ఏర్పరచినది: ఎన్నికైన డివిజనుసభ్యులతో కూడిన పాలకమండలి మొదటిది, వారిలోనుండి ఏర్పడు స్థాయీసంఘము రెండవది, ప్రభుత్వము నియమించు కమిషనరు మూడవది. మేయరు మండలికి అధ్యక్షత వహించును, కార్యనిర్వహణ కమిషనరు చేతిలో ఉండును. కుళాయి రాకున్నచో మనము కార్పొరేటరును పట్టుకొందుము; గొట్టము బాగుచేయవలసిన ఇంజనీరు కమిషనరు క్రిందివాడు. ఈ సంగతి తెలిసినవాడు అర్జీని ఒకచోట ఇచ్చి నకలును రెండవచోట ఇచ్చును. తెలియనివాడు ఇద్దరి మధ్య తిరుగుచుండును.

ఇక నీటి సంగతి. ఏలూరునకు ఒక విశేషమున్నది. కృష్ణ నుండి వచ్చు ఏలూరు కాలువ, గోదావరి నుండి వచ్చు ఏలూరు కాలువ ఈ ఊరి వద్దనే కలియుచున్నవి. ధవళేశ్వరము ఆనకట్టను కాటన్ దొర 1847లో మొదలుపెట్టగా 1852 నాటికి ముగిసినది. బెజవాడ ఆనకట్ట 1855 నాటికి పూర్తియైనది. ఈ రెండు డెల్టాల కాలువలను కలుపు లంకె ఏలూరే. రైలు 1893లో వచ్చువరకు ఈ కాలువలు పంటకు ఎంతయో ప్రయాణమునకును అంతే. కాకినాడలో పడవ ఎక్కినవాడు లాకులు దాటుకొనుచు, ఏలూరు మీదుగా బెజవాడ చేరి, ఆపైన చెన్నపట్టణము దాకా నీటిమీదనే పోగలిగెడివాడు. రెండు మహానదుల నీరు తన గడపలో కలియుట ఏలూరు భాగ్యము. అయితే కాలువనీరనగా ఎగువన పొలములను తడిపి, ఊళ్ళ ప్రక్కగా పారి, గొడ్లను కడిగి, బట్టలుదికి వచ్చిన నీరు. నదిలో దిగి ముంచుకొన్న నీటికి దీనికి అంతరమున్నది.

కాలువకు ఇంకొక లక్షణము కలదు. వేసవిలో కాలువలు కట్టివేయుదురు. పంట లేని కాలములో పూడిక తీయుటకు, లాకుల మరమ్మతునకు అది తప్పదు. రైతునకు అది విశ్రాంతికాలము, పట్టణమునకు పరీక్షాకాలము. అందుచేత డెల్టాలోని ప్రతి పట్టణమును, ఏలూరుతో పాటు తాడేపల్లిగూడెము, భీమవరము వంటివియు, కాలువ పారుచున్న దినములలోనే చెరువులు నింపుకొని వేసవిని గడపవలసి ఉండును. ఎంత పెద్ద చెరువున్నదో అంత ధీమా. పట్టణము పెరిగినప్పుడు వీధులు తమంతట తామే పెరుగును గాని చెరువు తనంతట తాను పెరుగదు. కావున పురపాలకసంస్థ అభివృద్ధిని లెక్కించునప్పుడు క్రొత్తగా వేసిన సిమెంటు రోడ్ల పొడవు కంటె, నిలువచెరువులో ఎన్ని దినముల నీరు పట్టుననునది మిన్నయైన కొలత అని మా అభిప్రాయము.

చెరువులోని నీరు కుళాయికి చేరులోపల నాలుగు మెట్లు దిగును. మొదటిది నిలువ. నిలిచిన నీట బరువైన మట్టి అడుగునకు దిగును. రెండవది పటిక. సన్నని మట్టిరేణువులు ఎంతసేపు నిలిచినను దిగవు. పటిక వానిని ఒకదానితో ఒకటి అంటుకొనునట్లు చేసి ముద్దలుగా అడుగునకు చేర్చును. వరదనీటి దినములలో మన పెద్దలు బిందెలో చిల్లగింజ అరగదీసి కలిపెడివారు, సూత్రమొకటే. మూడవది ఇసుకపాన్పు. నీరు ఇసుకగుండా దిగునప్పుడు మిగిలిన నలుసులు అక్కడ ఆగిపోవును. నాలుగవది క్లోరిను. ఇది కలరా, టైఫాయిడు వంటి వ్యాధుల క్రిములను చంపును. కుళాయి వద్దకు చేరునప్పటికిని నీటిలో లీటరునకు కనీసము 0.2 మిల్లిగ్రాముల క్లోరిను మిగిలియుండవలెనని భారతీయ ప్రమాణముల సంస్థ నిర్ణయము. ఎందుకనగా, శుద్ధిచేసిన చోట నీరు మంచిదగుట ఒక ఎత్తు. ఇంటికి చేరునప్పటికి మంచిదిగా ఉండుట ఇంకొక ఎత్తు.

ఈ రెండవ ఎత్తును గూర్చి కొంత విపులముగా చెప్పవలసి ఉన్నది. మన పట్టణములలో కుళాయి రోజునకు గంటయో రెండు గంటలో వచ్చును. తక్కిన కాలమంతయు గొట్టములు ఖాళీ. ఖాళీగొట్టములో లోపలి ఒత్తిడి పడిపోవును. అతుకు వద్ద చిల్లున్నచో, అది మురుగుకాలువ ప్రక్కగా పోవుచున్నచో, బయటి మురికిని గొట్టము లోపలికి పీల్చుకొనును. మరునాడు నీరు వదలినప్పుడు మొదట వచ్చునది ఆ మురికియే. ఇంటింటికి బిగించిన మోటార్లు ఈ పీల్చుటను మరింత పెంచును. మా ఇంటికి నీరు ఎక్కువ రావలెనని మోటారు పెట్టిన గృహస్థుడు వీధి మొత్తమునకు మురుగును పంచుచున్నానని ఎరుగడు. కుళాయి వచ్చిన మొదటి కొన్ని నిమిషముల నీటిని త్రాగుటకు పట్టుకొనక వదలివేయవలెనని పెద్దలు చెప్పునది ఇందులకే. క్లోరినును మిగులుగా ఉంచుటలోని రహస్యమును ఇదియే. దారిలో కలిసిన దానితో పోరాడుటకు కొంత సైన్యమును వెంట పంపుట వంటిది.

ఇంతవరకు చెప్పినదానిని మనస్సున ఉంచుకొని 2020 డిసెంబరును జ్ఞాపకము చేసికొనవలెను. ఆ నెల మొదటివారములో ఏలూరులో, ముఖ్యముగా ఒకటవ పట్టణ ప్రాంతములో, మనుషులు ఉన్నట్లుండి మూర్ఛపోసాగిరి. కొద్ది నిమిషముల పాటు ఫిట్లు, ఆ తరువాత వాంతులు, తలనొప్పి, ఏదియో మరచిపోయినట్లుండుట. పిల్లలు, పెద్దలు, స్త్రీలు, పురుషులు అను భేదము లేదు. ప్రభుత్వాసుపత్రి పడకలు చాలలేదు. కొద్ది దినములలో ఆరువందలమందికి పైగా చికిత్స పొందిరి, ఒకరు మరణించిరి. అధికసంఖ్యాకులు త్వరలోనే కోలుకొని ఇండ్లకు చేరిరి. ఒకరినుండి ఒకరికి అంటుకొనుజాడ కనబడలేదు. కరోనా భయము ఇంకను తీరని కాలములో ఈ క్రొత్త భయము వచ్చిపడుటచే నగరము ఎట్లు తల్లడిల్లెనో చెప్పనక్కరలేదు.

అందరి అనుమానము మొదట కుళాయి మీదనే నిలిచినది. అది సహజము. అయితే తొలి పరీక్షలలో కుళాయినీట దోషము కనబడలేదని అధికారులు ప్రకటించిరి. ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థ, హైదరాబాదులోని జాతీయ పోషకాహారసంస్థ, భారతీయ రసాయన సాంకేతికసంస్థ, నాగపురములోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధనసంస్థ, ఇంకను ప్రపంచ ఆరోగ్యసంస్థవారు వచ్చి రక్తమును, నీటిని, పాలను, కూరగాయలను పరీక్షించిరి. రోగుల రక్తములో సీసము, నికెలు లోహముల జాడ బయటపడినది. చివరకు డిసెంబరు మధ్యలో, పురుగుమందుల అవశేషములే ప్రధానకారణమై ఉండునని నిపుణులు ప్రభుత్వమునకు తెలిపిరి. అవి అంతమంది శరీరములలోనికి ఒక్కసారిగా ఏ దారిన వచ్చినవన్నది మాత్రము ఆనాడు తేలలేదు.

ఈ ఘటనలో శ్రోతలు గ్రహింపవలసిన శాస్త్రవిషయమొకటి ఉన్నది. పైన చెప్పిన నాలుగు మెట్లు మట్టికి, క్రిములకు ఏర్పరచినవి. పటిక మట్టిని దించును. క్లోరిను క్రిమిని చంపును. కాని నీటిలో కరగిన సీసమును క్లోరిను ఏమియు చేయజాలదు. పురుగుమందును ఇసుకపాన్పు పట్టి ఆపజాలదు. నీరు కాచి త్రాగినను క్రిములు చచ్చును గాని సీసము పోదు. నీరు ఇంకిన కొలది అది ఇంకను చిక్కనగును. త్రాగునీట సీసము లీటరునకు 0.01 మిల్లిగ్రామునకు మించరాదని ప్రమాణము. అంత స్వల్పపరిమాణమును కంటితోగాని నాలుకతోగాని కనుగొనుట అసంభవము; దానికి ప్రయోగశాలయే శరణ్యము. తేటగా ఉన్న నీరెల్ల మంచినీరను మన పాతనమ్మకము సీసము విషయములో చెల్లదు. 1866లో సంఘమేర్పడినప్పుడు పురపాలకుని శత్రువు కలరా. నేడు దానితోపాటు పొలములో చల్లిన మందు, కార్ఖానా వదలిన లోహము చేరినవి. శత్రువు మారినప్పుడు ఆయుధము కూడ మారవలెను కదా! ప్రతిదినము క్లోరినును చూచుట చాలదు. నియమితకాలములలో లోహములకు, మందులకు పరీక్ష జరుగవలెను. అంతకంటె ముఖ్యముగా ఆ ఫలితములు నగరవాసికి తెలియవలెను.

తెలియుట అనునది చిన్నవిషయము కాదు. పూర్వము పురపాలకసంఘపు వార్త టముకు మీద వచ్చెడిది. కుళాయి ఎప్పుడు కట్టివేయుదురో, అంటువ్యాధికి టీకాలు ఎక్కడ వేయుదురో, వీధివీధిని టముకు కొట్టి చెప్పెడివారు. కచేరి వద్ద నోటీసుబల్ల ఉండెడిది. చదువను వచ్చినవాడు చదివి రానివానికి చెప్పెడివాడు. తరువాత పత్రికలు, రేడియో వచ్చినవి. నేడు ప్రతివాని చేతిలో టెలిఫోను ఉన్నది. వార్త ఇంత సులభమైన దినములలోనే 2020 డిసెంబరున పుకారు వార్తను మించినది. పాలలో ఏదియో ఉన్నదని ఒకరు, కూరగాయలలో అని ఒకరు, దోమలమందు అని మరొకరు. ఖాళీగా ఉన్న పాత్రలోనే గాలి చేరును. అంతకు ముందు ఏడాది పొడవున ప్రతివారము, ఇది మన నీటిపరీక్ష ఫలితము అని నగరవాసికి చెప్పు అలవాటు ఉండినచో, ఆ వారము చెప్పిన మాటను కూడ జనులు నమ్మియుందురని మేము తలంతుము. ఆపదనాడు నమ్మకమును క్రొత్తగా పుట్టింపజాలము.

ఈ విషయమున పౌరునకు చట్టపుటండ లేకపోలేదు. 2005 సమాచారహక్కు చట్టములోని నాల్గవ సెక్షను, అడుగకముందే ప్రభుత్వసంస్థలు తమ పనులను, లెక్కలను, నిర్ణయములను తామే ప్రకటింపవలెనని విధించుచున్నది. నీటిపరీక్ష ఫలితము అట్టి సమాచారమే. అడిగిననాడు ఇచ్చుట హక్కును మన్నించుట. అడుగకయే ఇచ్చుట పాలనము.

ఇక్కడ ఇంకొక సంగతి చెప్పక తప్పదు. ఆ డిసెంబరున ఏలూరు నగరపాలకసంస్థకు ఎన్నికైన పాలకమండలి లేదు. 2014 మార్చి 30న జరిగిన ఎన్నికలలో వచ్చిన మండలి గడువు 2019 జూలైతో ముగిసినది. 2020 మార్చిలో ఎన్నికల ప్రక్రియ మొదలై, కరోనా కారణమున ఆగినది. 2021 మార్చి 10న పోలింగు జరిగినది గాని, ఓటర్ల జాబితాలను గూర్చిన వివాదము హైకోర్టునకెక్కుటచే ఏలూరులో లెక్కింపు నిలిచినది. జూలై 25వ తేదీన గాని 50 డివిజనుల ఫలితములు వెలువడలేదు. ఓటువేసిన నాలుగున్నర నెలలకు ఎవరు గెలిచిరో ఓటరునకు తెలిసినది. గడువు తీరకముందే క్రొత్త ఎన్నికలు ముగియవలెనని రాజ్యాంగము స్పష్టముగా చెప్పుచున్నను, రాష్ట్రములో 2010 నుండి 2014 వరకు కూడ ఇట్టి ఖాళీయే గడచినది. ప్రత్యేకాధికారి సమర్థుడు కావచ్చును. ఆ డిసెంబరున అధికారులు రాత్రింబవళ్ళు శ్రమించిన మాట నిజము. కాని వీధిలో మనిషి పడిపోయినప్పుడు, ఆ వీధివాడని చెప్పి తలుపు తట్టదగిన ప్రతినిధి ఒకడుండుట వేరు. 1992లో ఆమోదింపబడి 1993 జూన్ 1 నుండి అమలులోనికి వచ్చిన డెబ్బదినాలుగవ రాజ్యాంగసవరణ ఉద్దేశము అదియే. పురపాలకసంస్థలకు అప్పగింపదగిన 18 విషయములను ఆ సవరణతో చేరిన పండ్రెండవ షెడ్యూలు పేర్కొన్నది. నీటిసరఫరా, ప్రజారోగ్యము, పారిశుద్ధ్యము వానిలో ఉన్నవి.

ధనము సంగతి క్లుప్తముగా. ఇంటిపన్నును పూర్వము ఇంటికి రాదగిన అద్దెను బట్టి కట్టెడివారు. 2020లో రాష్ట్రశాసనసభ చేసిన సవరణతో ఆస్తి మూలధనవిలువను బట్టి కట్టు పద్ధతి వచ్చినది. పదునైదవ ఆర్థికసంఘము 2021 నుండి 2026 వరకు ఏలూరు వంటి పట్టణములకు ఇచ్చు నిధులలో నూటికి అరువది వంతులను త్రాగునీటికి, పారిశుద్ధ్యమునకే వినియోగింపవలెనని కట్టడి చేసినది. 2015లో మొదలైన కేంద్రపు అమృత్ పథకములోను ఏలూరు చేరినది. బడ్జెటు పత్రము చూచువారు, ఈ పద్దులలో వచ్చినదెంత, ఖర్చైనదెంత అను రెండు వరుసలను చూచిన చాలును. తక్కిన పుటలు లెక్కలవారికి.

వచ్చిన నీటి సంగతి ఇది. ఇక పోవు నీరు. ఇక్కడనే పెదపాడు శ్రోతలకు మా ప్రసంగముతో అసలు నిమిత్తము.

ఏలూరునకు ఎగువ నుండి తమ్మిలేరు దిగివచ్చుచున్నది. ఖమ్మము కొండలలో పుట్టి, చింతలపూడి సీమలోని జలాశయము దాటి, ఏలూరు చేరువలో రెండు పాయలై, తూర్పున ఒకటి పడమట ఒకటి నగరమును చుట్టి కొల్లేటిలో పడును. వర్షాకాలమున అది వరద, వేసవిలో ఇసుక. నగరపు మురుగు, వాననీరు, పొలముల మురుగుతో కలిసి, వాలు ఎటున్నదో అటు పోవును. డెల్టాలో వాలు ఒకవైపే ఉన్నది, అది కొల్లేరు. ఏలూరున వంటింటి తూములో పడినది కొన్ని దినములకు కొల్లేటి అంచున చేపలచెరువు గట్టును, వరిచేను బోదెను పలుకరించును. నగరమున అది మురుగు. దిగువ ఊరిలో అదే కాలువనీరు. ఒక ఊరి వాడకపు నీరు తరువాతి ఊరి త్రాగునీటి దరికి చేరుచున్నదని తెలిసినప్పుడు, మురుగు శుద్ధి అనునది నగరపు సొంతవిషయము కాజాలదు.

కొల్లేటి సంగతి అందరెరిగినదే. 1999లో అభయారణ్యముగా ప్రకటింపబడినది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలల రామ్‌సర్ జాబితాకెక్కినది. 2006లో అక్రమముగా వేసిన చేపలచెరువుల గట్లను ప్రభుత్వము తెగగొట్టించినది. తమ్మిలేరు, బుడమేరు, రామిలేరు వంటివి ఎన్నియో వచ్చి పడుచుండగా, బయటికి పోవు దారి ఉప్పుటేరు ఒక్కటే. వాకిళ్ళు అనేకములు, పెరటితలుపు ఒక్కటి. 2024 సెప్టెంబరు మొదటివారమున బుడమేరు విజయవాడను ముంచినప్పుడు, ఆ నీరంతయు తుదకు వచ్చినది ఇక్కడికే. సరస్సున గుఱ్ఱపుడెక్క పేరుకొన్నచో, ఉప్పుటేరు పూడినచో, నీరు వెనుకకు తన్నును; అప్పుడు మునుగునది మొదట పల్లపు గ్రామములు, పిదప ఏలూరు నగరపు పల్లపు పేటలు. అనగా కొల్లేటి బాగు నగరమునకు పరోపకారము కాదు. తన తూము పారుటకు తాను చేసికొనవలసిన పని.

పాలనపు హద్దులు ఈ నీటిని ఎరుగవు. 2011 జనగణనలో సత్రంపాడు, తంగెళ్ళమూడి, కొమడవోలు, శనివారపుపేటలతోపాటు పెదపాడు మండలములోని వట్లూరును గూడ ఏలూరు నగరసముదాయములో చేర్చి లెక్కించిరి. జనాభా లెక్కలో నగరము. మండలపు లెక్కలో గ్రామము. వట్లూరువాని మురుగు పంచాయతీదా, నగరపాలకసంస్థదా అని అడిగినచో ఏ అధికారియు వెంటనే చెప్పలేడు. కాలువ మాత్రము అడుగకయే మోసికొనిపోవుచున్నది. 2022 ఏప్రిలు 4న ఏలూరు కేంద్రముగా క్రొత్తజిల్లా ఏర్పడినప్పుడు కృష్ణాజిల్లాలోని కైకలూరు ప్రాంతమును దీనిలో చేర్చిరి. అంతకుముందు రెండు జిల్లాల కలెక్టర్లు పంచుకొనిన కొల్లేటిలో చాలభాగము ఆ ఏర్పాటుతో ఒక్క కచేరి క్రిందికి వచ్చినది. ఈ మార్పు ప్రాముఖ్యమును పత్రికలు అంతగా పట్టించుకొన్నట్లు లేదు. జిల్లాకేంద్రము మాకా మీకా అను వాదములోనే కాలము గడచినది.

నగరమును, గ్రామమును ఒక్క బల్ల వద్ద కూర్చుండబెట్టు ఏర్పాటు రాజ్యాంగములోనే ఉన్నది. డెబ్బదినాలుగవ సవరణతోనే వచ్చిన 243 జెడ్‌డి అధికరణము ప్రతి జిల్లాకు ఒక ప్రణాళికాసంఘముండవలెనని చెప్పినది. పంచాయతీలకు, పురపాలకసంస్థలకు ఉమ్మడియైన విషయములను, నీటి పంపకమును, ఇతర ప్రకృతివనరులను, పర్యావరణ రక్షణను దృష్టిలోనుంచుకొని ఆ సంఘము ముసాయిదా ప్రణాళికను తయారుచేయవలెను. దాని సభ్యులలో అయిదింట నాలుగువంతులకు తక్కువ కాకుండ జిల్లాపరిషత్తు, పురపాలకసంస్థల సభ్యులు తమలో తాము ఎన్నుకొనినవారై ఉండవలెను. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2005లో దీనికొరకు ప్రత్యేకచట్టమును చేసినది. ఏలూరు మురుగు పెదపాడు మీదుగా ఏ విధమున పోవలెను, ఎక్కడ శుద్ధిపొందవలెను, కాలువలు కట్టు వేసవిలో చెరువులు నింపుటకు ఎవరి వంతు ముందు అను ప్రశ్నలు సరిగా ఆ బల్లమీదికి రావలసినవి.

కావున పెదపాడు, వట్లూరు, కలపర్రు పంచాయతీల సభ్యులకు మా సూచన ఒకటి. మురుగును గూర్చి ఫిర్యాదు చేయుచున్నప్పుడు, వాసన వచ్చుచున్నదని వ్రాసి ఊరకుండక, ఏ కాలువ, ఏ వంతెన వద్ద, ఏ తేదీన, నీటి రంగెట్లున్నది, చేపలు చచ్చినవా, ప్రక్కనున్న చేతిపంపు నీరెట్లున్నది అని వివరించి వ్రాయవలెను. ఆ నకలును నగరపాలకసంస్థ కమిషనరుకును, జిల్లాపరిషత్తులోని తమ ప్రతినిధికిని పంపవలెను. నగరవాసులైనచో తమ వార్డుసచివాలయములో, తమ డివిజనునకు వచ్చు నీటిలో కుళాయి వద్ద మిగిలిన క్లోరినెంత, లోహపరీక్ష కడపట ఎన్నడు జరిగినది అను రెండు ప్రశ్నలను వ్రాతపూర్వకముగా అడుగవచ్చును. సమాచారహక్కు చట్టము ప్రకారము ముప్పది దినములలో జవాబు రావలెను. ఆ గడువు దాటినచో, అదే కార్యాలయమునందలి పైయధికారికి ముప్పది దినములలోపల మొదటి అప్పీలు పెట్టుకొనవచ్చును. దానికి రుసుము వేరుగా ఉన్నదేమో ముందుగా కార్యాలయముననే విచారించుకొనుట మేలు.